అడిగి తీసిన బొమ్మ



నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఒమాన్‌లో కెమెరా భుజానేసుకుని బతికేవాడికి తెల్లారి లేస్తే ఈ మాటతోనే పని. నీ దగ్గర ఎంత ఖరీదైన లెన్సుందో అక్కడ ఎవరికీ పట్టదు. ఊళ్లోకి వెళ్లగానే ముందు సలాం చెప్పాలి. బాగున్నారా, పిల్లలు బాగున్నారా, వాన పడిందా, మేకలెలా ఉన్నాయి అని అడగాలి. వాళ్లూ అవే అడుగుతారు, ఓపిగ్గా జవాబు చెప్పాలి. కింద చాప పరుస్తారు. ఖర్జూరాల పళ్లెం వస్తుంది. యాలకుల వాసనతో కహ్వా, అంటే అక్కడి కాఫీ, వస్తుంది. పిడి లేని చిన్న కప్పులో అడుగున రెండు గుటకలే పోస్తారు. చాలనుకుంటే ఆ కప్పును వేళ్ల మధ్య అటూ ఇటూ ఊపి తిరిగివ్వాలి. ఊపకుండా ఇస్తే మళ్లీ పోస్తారు, మళ్లీ తాగాలి. ఇదంతా అయ్యాక అప్పుడు మెల్లగా, ఒక ఫోటో తీసుకోవచ్చా అని అడగాలి. ఈలోగా ఎండ నెత్తికెక్కి వెలుతురు కాస్తా పాడైపోతుంది. అందుకే అక్కడ నలిగిన ఫోటోగ్రాఫరు తెల్లవారుజాము వెలుతురు కోసం ముందురోజు సాయంత్రమే ఆ ఊరు చేరుకుంటాడు. కహ్వా ఇవాళ, ఫోటో రేపు.

నేను మస్కట్‌లో మొదట స్టూడియోలో పనిచేసి, ఆ తర్వాత పెళ్లిళ్లు, కంపెనీ ఫంక్షన్లు తీసి పొట్ట పోసుకున్నవాణ్ని. దేశం చూద్దామని పోలేదు. పనికి పోయాను, పని పేరు మీదే దేశం చూశాను. ఆ పని ఎట్లా ఉంటుందో, ఆ దారుల్లో నాకంటే ముందు కెమెరా పట్టుకు తిరిగినవాళ్లెవరో ఈ పూట మీతో చెప్పుకుంటాను.

గల్ఫ్ అనగానే మనకు దుబాయి మేడలు కళ్లముందుకొస్తాయి. మస్కట్ అట్లా ఉండదు. చెట్టన్నది లేని ముదురు గోధుమరంగు కొండలు, ఆ కొండల సందుల్లో తెల్లటి పొట్టి ఇళ్లు. ఆకాశాన్నంటే మేడలు అక్కడ కట్టనివ్వరు. పాత రేవుకు చెరో పక్కన జలాలీ కోట, మిరానీ కోట. రెండూ పదహారో శతాబ్దం చివర్లో పోర్చుగీసువాళ్లు కట్టినవి. రేవు చుట్టూ ఉన్న రాళ్లమీద వచ్చిపోయిన ఓడల పేర్లు పెద్దపెద్ద అక్షరాలతో నావికులు రాసి వెళ్లారు. ఫోటోగ్రాఫరుకు మంచి వస్తువు అది, సాయంత్రం పడమటెండలో అక్షరాలు తేటగా కనిపిస్తాయి. 1970 దాకా ఈ పాత ఊరికి ద్వారాలుండేవి. పొద్దుగుంకాక మూడు గంటలకు ఫిరంగి పేల్చి వాటిని మూసేవారు. ఆ తర్వాత వీధిలో కాలు పెట్టాలంటే చేతిలో లాంతరుండాలి. మొత్తం దేశంలో తారు రోడ్డు సుమారు పది కిలోమీటర్లు, బడులు మూడు. 1970 జులై 23న సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కాక రోడ్లు, ఆస్పత్రులు, బడులు వచ్చాయి. లాంతరు పట్టుకుని వీధిలో నడిచినవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల ముఖాలు తీయడం నాకు కోటలు తీయడం కంటే ఎక్కువ ఇష్టం.

గ్రాండ్ మసీదు గురించి చెప్పను. అది ప్రతి క్యాలెండరులోనూ ఉంటుంది. ఒక్క మాట మాత్రం, 2001లో తెరిచిన ఆ మసీదుకు వాడిన రాయి మన దేశం నుంచి పోయిన ఇసుకరాయి.

ఇక పని సంగతి. మస్కట్‌లో రువీ అని ఒక పేట ఉంది. మన జనం, మలయాళీలు, బెంగాలీలు, పాకిస్తానీలు ఎక్కువగా కలిసేది అక్కడే. శుక్రవారం సెలవు. సాయంత్రమయ్యేసరికి రువీ వీధిలో నడవడానికి చోటుండదు. స్టూడియోకు శుక్రవారమే పండగ. పాస్‌పోర్టు ఫోటో, వీసా ఫోటో, బతాకాకు ఫోటో. బతాకా అంటే అక్కడి గుర్తింపు కార్డు, అది లేకుండా బయట తిరగడానికి లేదు. ఒక్కో దేశానికి ఒక్కో కొలత, ఒకదానికి తెల్ల తెర, ఇంకోదానికి నీలి తెర. చెవులు కనిపించాలి, నవ్వకూడదు. వారమంతా ఎండలో సెంట్రింగు పని చేసి వచ్చినవాడికి నవ్వకూడదని చెప్పాల్సిన పనేమీ ఉండదు లెండి.

ఆ స్టూడియోలో మేకుకు ఒక నల్లకోటు వేలాడుతుండేది, దాంతోపాటు ముడి వేసి ఉంచిన టై. వచ్చినవాళ్లందరికీ ఆ కోటే. సన్నగా ఉన్నవాడికి వెనకాల బట్టల క్లిప్పులు నాలుగు పెట్టి బిగిస్తాం. లావుగా ఉన్నవాడికి చేతులు మాత్రం తొడిగి వీపు వదిలేస్తాం. ఫోటోలో ముందువైపే కదా కనపడేది. జగిత్యాల నుంచి వచ్చిన కుర్రాడు, కడప నుంచి వచ్చిన డ్రైవరు, కోనసీమ నుంచి ఇంటిపనికి వచ్చిన ఆమె తమ్ముడు, అందరూ ఆ కోటులోనే ఊరికి ఫోటో పంపారు. పాస్‌పోర్టు ఫోటో అయ్యాక చాలామంది అదే కోటుతో నిలువెత్తు ఫోటో ఒకటి అడిగేవారు. పెళ్లి సంబంధానికి అని కొందరు నోరు విప్పి చెప్పేవారు, కొందరు చెప్పకపోయినా తెలిసేది. అప్పుడు మాత్రం క్లిప్పులు సరిగ్గా సర్దడానికి మేం కొంచెం ఎక్కువ సేపు తీసుకునేవాళ్లం.

నన్నడిగితే ఒమాన్‌లో నేను నేర్చుకున్న పోర్ట్రెయిటు విద్య అంతా ఆ కోటు దగ్గరే నేర్చుకున్నాను. మనిషిని కూర్చోబెట్టి ఏదో ఒకటి మాట్లాడాలి. మీదే ఊరు, ఎన్నేళ్లయింది వచ్చి, అర్బాబు మంచివాడేనా అని అడిగితే భుజాలు దిగుతాయి. అర్బాబంటే యజమాని. ఆ ప్రశ్నకు వచ్చే జవాబు బట్టి ముఖం మారుతుంది. ఆ మార్పు కోసం కాచుకోవాలి.

పెళ్లిళ్ల పని ఇంకో తీరు. ఒమానీ పెళ్లిలో మగవాళ్ల సభ వేరు, ఆడవాళ్ల సభ వేరు. మగ ఫోటోగ్రాఫరుకు ఆడవాళ్ల వైపు అడుగు పెట్టే వీలు లేదు. అక్కడ తీసేది ఆడ ఫోటోగ్రాఫర్లే. చాలా పెళ్లిళ్లలో వచ్చిన అతిథుల దగ్గర ఫోన్లు కూడా గుమ్మం దగ్గరే తీసి పెట్టుకుంటారు. ఈ ఏర్పాటు వల్ల ఆడవాళ్లకు ఈ వృత్తిలో గట్టి చోటు దొరికింది, మంచి డబ్బూ దొరుకుతుంది. మన దగ్గర పెళ్లి ఫోటోగ్రఫీలో అమ్మాయిలు ఇప్పుడిప్పుడే కనిపిస్తున్నారు, అక్కడ వాళ్లు లేనిదే పెళ్లి పని సగం ఆగిపోతుంది.

మగవాళ్ల సభలో కష్టం వేరే. పదిమందో ఇరవైమందో కాదు, వందలమంది తెల్లటి దిష్దాషాలు వేసుకుని బారులు తీరి ఉంటారు. దిష్దాషా అంటే చీలమండల దాకా వచ్చే పొడుగు చొక్కా. పెళ్లికొడుకు నడుముకు వెండి ఒరలో ఖంజరు, అంటే వంకీ కత్తి. తలకు రంగురంగుల తలపాగా. ఎండలో ఆ తెలుపును కెమెరా లెక్కకు వదిలేస్తే బూడిదరంగు చేసేస్తుంది. దాన్ని తెల్లగా నిలబెట్టాలంటే వెలుతురు పెంచాలి. మరీ పెంచితే బట్ట మీద మడతలు, కుట్టుపని చెదిరిపోయి తెల్లకాగితం మిగులుతుంది. పైగా ఆ తెలుపు పక్కన ఎండకు కమిలిన గోధుమరంగు ముఖాలు. ముఖం సరిపోతే బట్ట పోతుంది, బట్ట సరిపోతే ముఖం నల్లబడుతుంది. ఆ దిష్దాషా మెడ దగ్గర చిన్న కుచ్చు ఒకటి వేలాడుతుంది, ఫురాఖా అంటారు. దాన్ని అత్తరులో ముంచుకుంటారు. పెళ్లికొడుకు తండ్రి ఫోటోలు చూసేటప్పుడు వేలుపెట్టి చూపించేది దాన్నే. ఈ కుచ్చు కనపడాలి అని. ఆ కుచ్చులో దారం దారం విడిగా కనిపిస్తే మన పని పండినట్టే, మరుసటి పెళ్లి కూడా మనదే.

ఎండ గురించి చెప్పకుండా ఒమాన్ గురించి చెప్పలేం. మస్కట్‌కు ఆగ్నేయంగా తీరాన ఖురియాత్ అనే ఊరుంది. 2018 జూన్ 26న అక్కడ ఉష్ణోగ్రత రాత్రీ పగలూ కలిపి 42.6 డిగ్రీల కిందికి దిగనే లేదు. నడిరాత్రి కూడా అంత వేడి! ప్రపంచంలో నమోదైన రికార్డు అది. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర వరకు బయట కూలిపని చేయించకూడదని చట్టమే ఉంది. ఫోటోగ్రాఫరుకు అంతకంటే పెద్ద శత్రువు గాలిలో తేమ. చల్లటి ఏసీ గదిలోంచి కెమెరా బయటకు తెచ్చామా, లెన్సు అద్దం క్షణంలో చెమర్చి తెల్లగా మసకబారుతుంది. తుడిస్తే మళ్లీ చెమరుస్తుంది. లోపలి అద్దానికి పట్టిందంటే ఇక పావుగంట చేతులు ముడుచుకు కూర్చోవడమే. అందుకని కెమెరాను ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి, సంచితో సహా బయట పెట్టి, అది వేడెక్కాకే విప్పుతాం. వచ్చిన మంత్రిగారు రిబ్బను కత్తిరించి లోపలికి వెళ్లిపోయే కార్యక్రమాల్లో ఈ పావుగంట ఎంత విలువైనదో ఈ పని చేసినవాళ్లకు తెలుస్తుంది.

ఇప్పుడు దారిన పడదాం. సెలవు దొరికినా, ఏ కంపెనీవాళ్లు క్యాలెండరు కోసం పంపినా మొదట వెళ్లేది నిజ్వా. మస్కట్ నుంచి లోపలికి గంటన్నర ప్రయాణం. శుక్రవారం పొద్దున్నే కోట పక్కన మేకల సంత జరుగుతుంది. ఒక పందిరి కింద కొనేవాళ్లు గుండ్రంగా కూర్చుంటారు. అమ్మేవాళ్లు మేకలను తాళ్లతో పట్టుకుని ఆ గుండ్రంలో తిప్పుతూ ధర అరుస్తుంటారు. కొనాలనుకున్నవాడు చెయ్యెత్తి ఆపి, మేక నోరు తెరిచి పళ్లు చూస్తాడు, పొదుగు తడుముతాడు, తల అడ్డంగా ఊపుతాడు. మళ్లీ చుట్టు తిరుగుతారు. తొమ్మిదయ్యేసరికి సంత చెదిరిపోతుంది. లేచిన దుమ్ములోంచి ఏటవాలుగా పడే పొద్దుటెండ ఫోటోగ్రాఫరుకు పండగ. అందుకే ఆ పందిరి చుట్టూ మేకలకంటే కెమెరాలు ఎక్కువైపోయాయి ఈమధ్య. పొడుగు లెన్సు పెట్టి దూరంగా నిలబడి ముసుగు వేసుకున్న బదూ స్త్రీని, అంటే ఎడారి సంచార తెగ ఆమెను, దొంగచాటుగా తీసే పర్యాటకుణ్ని అక్కడివాళ్లు ఒక చూపు చూస్తారు. ఆ చూపు ఎవరిమీద పడినా ఆ పూటకి మా అందరి పనీ చెడినట్టే. మనిషికి తెలియకుండా తీసిన ఫోటో అక్కడ మర్యాద తప్పడం ఒక్కటే కాదు. 2011లో వచ్చిన సైబర్ నేరాల చట్టం ప్రకారం ఫోను కెమెరాతోనైనా ఒకరి ఆంతరంగిక జీవితంలోకి తొంగిచూస్తే జైలూ జరిమానా రెండూ ఉన్నాయి. నా మటుకు నాకు ఆ చట్టం న్యాయంగానే కనిపిస్తుంది. మన సంతల్లో, మన జాతరల్లో అడక్కుండా ముఖం మీదికి కెమెరా పెట్టేవాళ్లను చూసినప్పుడు ఇక్కడా అట్లాంటిది ఉంటే బాగుండనిపిస్తుంది.

తూర్పు కొసన రాస్ అల్ జింజ్ అనే తీరముంది. పచ్చ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి రాత్రిపూట ఒడ్డుకొస్తాయి. అక్కడ రాత్రి కెమెరా తీయనివ్వరు, వెలుతురుకు తాబేలు దారి తప్పుతుందని. గైడు వెంట చీకట్లో నడిచి, కళ్లతో చూసి రావాలి. కెమెరా బయటికి తీసేది తెల్లవారాకే. అప్పటికి చాలా తాబేళ్లు సముద్రంలోకి వెళ్లిపోయి ఉంటాయి, ఇసుక మీద వాటి రెక్కల చారలు మాత్రం మిగులుతాయి. ఆలస్యంగా గుడ్లు పెట్టిన తాబేలు ఏదన్నా ఉంటే ఆ పొద్దు మన అదృష్టం.

దక్షిణాన సలాలా. మస్కట్ నుంచి ఎడారి మీదుగా వెయ్యి కిలోమీటర్ల దారి. జూన్ ఆఖరు నుంచి సెప్టెంబరు దాకా అక్కడ ఖరీఫ్. మన కేరళకు వానలు తెచ్చే నైరుతి గాలే సలాలా కొండలను ఒరుసుకుంటూ పోతుంది. రోజుల తరబడి సన్నటి తుంపర, కొండలమీద మంచు, కాలికింద పచ్చగడ్డి. రోడ్డు పక్కన కొబ్బరిబోండాలు, అరటిగెలలు వేలాడదీసిన గుడిసె దుకాణాలు చూస్తే ఎవరో కోనసీమను తెచ్చి అరేబియా కొసన దించినట్టుంటుంది, మధ్యలో ఒంటెలు నడవడం ఒక్కటే తేడా. గల్ఫ్ దేశాల జనం ఆ తుంపరలో తడవడానికి కార్లు కట్టుకుని వస్తారు. వానలో తడుస్తూ చాప మీద కూర్చుని అన్నం తినే కుటుంబాలను అక్కడే చూశాను. మనమైతే పరుగెత్తి చూరు కిందికి పోయేవాళ్లం.

కొండలకు అవతల వాన ఆగిపోతుంది. అక్కడ లుబాన్ చెట్లు. ధూపానికి వాడే సుగంధపు బంక వీటిదే. చిన్న ఉలిలాంటి పనిముట్టుతో బెరడు గీస్తే పాలలాంటి చుక్కలు కారి రోజుల మీద గట్టిపడతాయి. ఈ ప్రాంతపు లుబాన్ దారులను 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇంకా ఉత్తరానికి పోతే చెట్టూ పుట్టా ఆగిపోయి రుబ్ అల్ ఖాలీ ఎడారి మొదలవుతుంది. ఒమాన్‌లో కెమెరా పట్టుకున్నవాడెవడైనా ఒకసారి దాని అంచు దాకా వెళ్లి నిలబడతాడు. అక్కడ నిలబడితే థెసిజర్ గుర్తురాకుండా ఉండడు.

విల్ఫ్రెడ్ థెసిజర్ 1910లో అడిస్ అబాబాలో పుట్టిన ఇంగ్లీషువాడు. 1945లో సలాలాకు వచ్చాడు, వచ్చిన పని మిడతలు. ఆ ఎడారిలో మిడతలు ఎక్కడ గుడ్లు పెడుతున్నాయో కనిపెట్టడానికి మిడతల నివారణ సంస్థ ఆయన్ను పంపింది. ఆయన మనసులో ఉన్నది వేరు, ఎడారిని ఒంటెల మీద దాటాలని. ఆయనకంటే ముందు 1930–31లో బెర్ట్రం థామస్ అనే ఆయన సలాలా నుంచి బయల్దేరి దాన్ని దాటాడు. ఈ థామస్ అప్పటి మస్కట్ సుల్తాన్ తైమూర్ దగ్గర మంత్రి.    

థెసిజర్ 1946–47 చలికాలంలో బదూ మనుషులతో కలిసి ఎడారి తూర్పు భాగం దాటాడు. ఉరుఖ్ అల్ షైబా ఇసుక కొండలు ఎక్కడానికి ఒంటెల సామాను దింపి, వాటిని ఒక్కోటీ పైకి నడిపించుకుంటూ పోయారు. అవతల తోడువాళ్లు తిండి తేవడానికి లీవా ఒయాసిస్సు వైపు వెళ్తే మూడు రోజులు ఇసుక దిబ్బ మీద పస్తుండి ఎదురుచూశాడు. తిరిగి వచ్చేటప్పుడు ఒమాన్ లోపలి తెగల మధ్య నుంచి రావాలి. క్రైస్తవుడని తెలిస్తే ప్రాణం మీదికొస్తుంది, అందుకని సిరియా వాడినని చెప్పుకున్నాడు. తర్వాతి చలికాలం ఎడారిని పడమటి వైపు నుంచి మళ్లీ దాటాడు. ఈ ప్రయాణాలన్నిటిలో ఆయన దగ్గరున్నది లైకా కెమెరా. ఇసుక దూరకుండా దాన్ని మేకతోలు సంచిలో దాచేవాడు. తీసినవన్నీ నలుపు తెలుపే.

ఆ ఫోటోల్లో నేను మళ్లీ మళ్లీ చూసేవి ఇసుకతిన్నెలు కావు, ఇద్దరు కుర్రాళ్ల ముఖాలు. సలీం బిన్ కబీనా, సలీం బిన్ ఘబైషా. రషీద్ తెగవాళ్లు. బిన్ కబీనాకు ఆయన దగ్గర చేరేటప్పటికి పదహారేళ్లుంటాయి. జుట్టు భుజాల మీద పడుతూ, నడుముకు కత్తి, చేతిలో తుపాకి, కెమెరా వైపు ఏ జంకూ లేని చూపు. స్టూడియోలో ముఖాలు తీసి బతికినవాడిగా చెబుతున్నాను, ఆ చూపు ఒక్కరోజులో దొరికేది కాదు. ఒకే తోలుతిత్తి నీళ్లు పంచుకుని తాగినవాడికే దొరుకుతుంది. ఒక చుట్ట ఫిల్ములో ముప్పై ఆరు ఫోటోలు, మధ్యలో కొనుక్కోవడానికి దుకాణం లేదు. మా తరం మెమరీ కార్డులో ఒక్క పెళ్లికి మూడు వేలు తీస్తుంది. నేను సాంకేతికతను తిట్టే మనిషిని కాను, కానీ ముప్పై ఆరు మాత్రమే ఉన్నవాడు నొక్కేముందు మనిషిని ఇంకొంచెం సేపు చూస్తాడన్నది మాత్రం నిజం.

థెసిజర్‌తో నాకు ఒక పేచీ ఉంది. 1959లో ఆయన రాసిన 'అరేబియన్ శాండ్స్' పుస్తకం గొప్పది. కానీ కార్లూ చమురూ వచ్చి బదూ జీవితం నాశనమైపోయిందని ఆయన బాధ. 1977లో మళ్లీ ఒమాన్ వచ్చినప్పుడు సలాలాలో బిన్ కబీనా, బిన్ ఘబైషా ఆయన్ను కలుసుకున్నారు. మారిపోయిన దేశాన్ని చూసి ఆయన నొచ్చుకున్నాడు. ఎడారి అందం చూడటానికి వచ్చినవాడికి అట్లా అనిపించవచ్చు. అక్కడే పుట్టి, జ్వరమొస్తే మందులేక బిడ్డను పోగొట్టుకున్న తల్లిని అడిగితే ఆస్పత్రి గురించి వేరే మాట చెబుతుంది. ఆ రోజుల్లో జబల్ అఖ్దర్ కొండ ఎక్కాలని ఆయన ఎంత ఆశపడ్డా, ఒమాన్ లోపలి ప్రాంతాన్ని ఏలే ఇమాము మనుషులు పోనివ్వలేదు. ఇప్పుడు ఆ కొండ మీదికి తారు రోడ్డుంది. కింద చెక్‌పోస్టులో మీ బండి ఫోర్‌వీల్ డ్రైవా కాదా అని మాత్రం చూస్తారు. ఏప్రిల్‌లో పైన గులాబీలు పూస్తాయి, పన్నీరు కాచే ఇళ్ల తలుపులు పొగకు నల్లబడి ఉంటాయి. ఆ పొగలో పనిచేసే ముసలాయన ఫోటో నాకు దొరికిందంటే ఆ తారు రోడ్డు పుణ్యమే.

ఆయన తీసిన సుమారు 38 వేల నెగెటివ్‌లు ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని పిట్ రివర్స్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. 'అరేబియన్ శాండ్స్' తెరిస్తే ఒంటెలు కాసుకునే ఆ కుర్రాళ్ల ఫోటో కింద వాళ్ల పేరు ఉంటుంది. డెబ్బై ఏళ్లు దాటినా పేరు పోలేదు. ఆయన గొప్పతనాల్లో నేను మొట్టమొదట లెక్కపెట్టేది దాన్నే.

థెసిజర్‌కు ఇంటి దగ్గర ఆస్తిపాస్తులున్నాయి, ఫోటోలు తీసి బతకాల్సిన అవసరం లేదు. మాబోటి వాళ్లకు దగ్గరి చుట్టం నూర్ అలీ రషీద్. 1929లో గ్వాదర్‌లో పుట్టాడు. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న ఆ రేవు అప్పట్లో ఒమాన్ సుల్తానుది, 1958లో పాకిస్తాన్‌కు అమ్మేశారు. కరాచీలో కెమెరా పట్టుకు తిరుగుతున్న కొడుకును వ్యాపారంలో పెడదామని తండ్రి అదే 1958లో దుబాయి పంపాడు. కొడుకు అక్కడా కెమెరా వదల్లేదు, చివరికి ఎమిరేట్స్ రాజవంశాల ఫోటోగ్రాఫరై 2010లో పోయాడు. బొంబాయి నుంచి 1965లో ఓడెక్కి షార్జాలో దిగిన రమేష్ శుక్లా ఇంకొకరు. 1971 డిసెంబరు 2న ఎమిరేట్స్ ఏర్పడిన రోజున ఆయన తీసిన ఫోటోలు ఆ దేశ చరిత్రలో భాగమైపోయాయి. కెమెరా పట్టుకుని సముద్రం దాటినవాళ్లు వీళ్లు. ఎమిరేట్స్‌కు తమ పుట్టుక తాలూకు బొమ్మలు ఎన్నో మన వైపు నుంచి పోయినవాళ్ల చేతులమీదుగానే దక్కాయి.

మరి మనవాళ్ల బొమ్మలు? మస్కట్‌లో ఇండియన్ సోషల్ క్లబ్ తెలుగు విభాగం ఉగాది చేస్తుంది, పిల్లలు డాన్సులు చేస్తారు, ఆ ఫోటోలు ఎక్కడో ఒకచోట భద్రంగానే ఉంటాయి. కట్టడాల దగ్గర ఇనుము వంచినవాళ్లవి, ఖర్జూర తోటల్లో నీళ్లు కట్టినవాళ్లవి, పరాయి ఇంటి వంటగదిలో పొద్దుపుచ్చినవాళ్లవి ఎక్కడున్నాయి? ముత్రా సముద్రపు ఒడ్డున రియాం పార్కు కొండమీద పెద్ద ధూపపాత్ర ఆకారంలో కట్టడం ఒకటుంది. దాని ముందు నిలబడి ఫోటో దిగని తెలుగువాడు మస్కట్‌లో ఉండడు. నలుగురైదుగురు గదిమిత్రులు భుజాల మీద చేతులేసుకుని దిగేవారు. ఒక నిజామాబాదు, ఒక కేరళ, ఒక సిల్హెట్, ఒక పంజాబు. తలా ఒక కాపీ అడిగేవారు. ఆ కాపీలు కవరులో పెట్టి ఊరికి పంపేవారు. ఇప్పుడు ఇమో యాప్‌లో వీడియో కాల్ వచ్చాక కాపీలు అడిగేవాళ్లు తగ్గిపోయారు. ఫోన్ మారితే ఫోటో పోతుంది, ఎవరికీ పట్టదు.

కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల పల్లెల్లో, కడప, గోదావరి జిల్లాల ఇళ్లలో గోడకు వేలాడే ఆ ఫోటోలు నేను చాలా చూశాను. మధ్యలో నిలబడ్డది మా మామయ్య అంటారు. ఆ పక్కన ఎవరండీ అంటే తెలియదంటారు. ఏ ఊళ్లో తీశారంటే, గల్ఫ్‌లో అంటారు. ఒంటెలు కాసుకున్న కుర్రాడి పేరు ఆక్స్‌ఫర్డ్ దాకా పోయి నిలిచింది. మన మామయ్య పక్కనున్నవాడి పేరు మనింటి గోడ మీదే చెరిగిపోయింది.

అందుకని వింటున్నవాళ్లకు ఒక విన్నపం. మీ ఇంట్లో గల్ఫ్ నుంచి వచ్చిన ఫోటోలుంటే పటం విప్పి వెనక్కి తిప్పండి. ఎవరు, ఏ ఊరు, ఏ సంవత్సరం, పక్కనున్నవాళ్లెవరు, ఏ పని చేసేవారు, ఇవి రాయండి. మెత్తటి పెన్సిలుతో రాయండి. బాల్‌పెన్నుతో వద్దు, ముందువైపు గంట్లు పడతాయి, సిరా ఊరుతుంది. జిగురు పేజీల ఆల్బంలో అతికిపోయిన ఫోటోను గోటితో పీకకండి, దంతాలు శుభ్రం చేసుకునే సన్నటి దారాన్ని ఫోటో వెనకాల మెల్లగా లాగితే ఊడి వస్తుంది. అప్పటికీ రాకపోతే వదిలేసి, ఉన్నచోటే ఇంకో ఫోటో తీయించుకోండి. గోడకు తగిలించినదాని మీద నేరుగా ఎండ పడనివ్వకండి. ఫోనుల్లో ఉన్నవాటిలో ఓ పాతికైనా ఎంచి ప్రింటు వేయించండి, వాటి వెనకా రాయండి. పేర్లు చెప్పగలిగిన పెద్దవాళ్లు ఇంట్లో ఉన్నంతకాలమే ఈ పని జరుగుతుంది. ఈ ఆదివారమే మొదలుపెట్టండి.